తరంగానికి మతం లేదంటారు

తరంగానికి మతం లేదంటారు. ఎంటెక్ కమ్యూనికేషన్స్‌లో చేరిన మొదటి వారంలోనే ఎవరో ఒక సారు ఈ మాట అంటాడు. మాకూ అన్నారు. విద్యుదయస్కాంత తరంగం గుడి మీంచీ పోతుంది, మసీదు మీంచీ పోతుంది, ఎవరి గుమ్మం ముందూ ఆగి పేరడగదు అని. ఇరవై పేర్ల హాజరుపట్టీలో మా పేర్లు ఒకటో రెండో ఉంటాయి. అవి పిలిచినప్పుడు ముందు బెంచీల తలలు కొన్ని వెనక్కి తిరుగుతాయి. అలాంటి గదిలో ఈ మాట వింటే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. పేరడగని చోటు ఒకటుందట, దాన్ని టెలికమ్యూనికేషన్స్ అంటారట!

ఆ మాట అబద్ధమని మేం అనడం లేదు. మాక్స్‌వెల్ సమీకరణాలు ఖాన్‌కి ఒక రకంగా, రావుకి ఒక రకంగా పని చేయవు. కానీ తరంగాన్ని పుట్టించేవాడికి పేరుంది. పట్టుకునేవాడికి పేరుంది. మధ్యలో స్విచ్ దగ్గర కూర్చున్నవాడికీ పేరుంది. ఆ మధ్యలోవాడి గురించే ఈ వ్యాసం. ఎందుకంటే ఆ మధ్యలోవాళ్లం ఇప్పుడు మేం.

ఈ చదువు మా ఇళ్లలోకి ఆకాశం నుంచి ఊడిపడలేదు. మా అబ్బాలు, మామూలు, చిచ్చాలు ఎంతమంది రేడియో మెకానిక్‌లుగా బతికారో లెక్క తీస్తే తెలుస్తుంది. రేడియోలు బాగుచేసిన చేతులే టీవీలు బాగుచేశాయి. మేడల మీద యాంటెన్నాలు తిప్పింది, గల్లీల్లో కేబుల్ లాగింది, ఆ తర్వాత సెల్‌ఫోన్లు విప్పింది కూడా వాళ్లే. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి వెళ్లి చూడండి. పదో తరగతి కూడా దాటని పిల్లాడు భూతద్దం కింద బోర్డు పెట్టుకుని ఏ చిప్పు చచ్చిపోయిందో చెప్తాడు. వాడి తమ్ముడో చెల్లెలో గేట్ పరీక్ష రాసి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్‌తో ఎంటెక్ చదువుతుంటే అది ఆ దుకాణానికి కొనసాగింపే. సోల్డరింగ్ పేస్టు వాసన వదిలి సమీకరణాల్లోకి వచ్చాం, అంతే తేడా.

కానీ వచ్చినవాళ్లం ఎందరం? 2006లో సచార్ కమిటీ లెక్క తేల్చింది. దేశంలోని పేరున్న కాలేజీల్లో డిగ్రీ స్థాయిలో ఇరవై అయిదుగురిలో ఒక్కరు ముస్లిం. పీజీకి వచ్చేసరికి యాభైమందిలో ఒక్కరు. అంటే డిగ్రీ నుంచి పీజీకి ఎక్కే ఒక్క మెట్టు దగ్గరే మా వాటా సగానికి పడిపోతోంది. ఆ మెట్టు మీద ఏముంది? పెళ్లి ఉంది, గల్ఫ్ వీసా ఉంది, అబ్బా అప్పు ఉంది. 'ఇంత చదివి ఎవరిస్తారు నీకు ఉద్యోగం' అనే అమ్మీ భయం ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ రాకపోతే మాలో సగంమంది ఈ వ్యాసం రాసే దాకా వచ్చేవాళ్లమే కాదు. మైనారిటీల పరిశోధనకు 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో ఆపేశారు. అలా పై మెట్టు ఒకటి మళ్లీ ఊడింది.

ఇక ఈ చదువు మమ్మల్ని ఏ గుట్ట ఎక్కించిందో చెప్పాలి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. సినిమా మద్రాసు నుంచి తరలివచ్చి స్థిరపడిన చోటు. రాళ్లగుట్టల మీద స్టూడియోలు వచ్చాయి. తర్వాత డబ్బింగ్ థియేటర్లు, ఫిల్మ్ చాంబర్, ప్రివ్యూ హాళ్లు, వాటి వెనకే వార్తా చానళ్లు, డిష్ యాంటెన్నాలు. తెలుగువాడు ఎవరిని చూసి ఏడవాలో, ఎవరిని చూసి నవ్వాలో, ఎవరిని చూసి భయపడాలో చాలావరకు ఈ నాలుగైదు కిలోమీటర్లలోనే తయారవుతుంది. ఇదే జాగాను రెవెన్యూ కాగితాల్లో చూస్తే షేక్‌పేట మండలం. నటుడైనా నిర్మాతైనా తన బంగళా కాగితాలు తీస్తే అందులో ఒక షేకు పేరు కనపడాల్సిందే. మాకది సరదాగా ఉంటుంది. ఆ సరదా కాగితం దాటి రాదు, అది వేరే సంగతి.

ఫిల్మ్‌నగర్ వాలు దిగితే షేక్‌పేట, టోలీచౌకి, ఆ పక్కనే కుతుబ్‌షాహీ సమాధులు, గోల్కొండ. కోటలో ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, పైన బాలా హిస్సార్‌లో వినపడుతుంది. గైడ్లు రోజూ టూరిస్టులకు చేసి చూపిస్తారు. తీగ లేదు, కరెంటు లేదు, గుమ్మటం వంపు ఒక్కటే ఉంది. కింద వాకిలి దగ్గర నిలబడ్డ మామూలు మనిషి చప్పుడు పై అంతస్తుకు చేరేలా ఆ కట్టినవాడు లెక్క వేశాడు. షేక్‌పేట గల్లీలో కొట్టిన చప్పట్లు ఫిల్మ్‌నగర్ ప్రివ్యూ హాల్లోకి చేరే వంపు మటుకు ఇంకా ఎవరూ కట్టలేదు. రెండింటికీ మధ్య దూరం చూస్తే ఒక ఆటో ఛార్జీ.

మా వాళ్లు ఆ గుట్ట ఎక్కనే లేదని కాదు. డ్రైవర్లుగా, టైలర్లుగా, లైట్‌బాయ్‌లుగా, ఫైటర్లుగా ఎప్పటినుంచో ఎక్కుతూనే ఉన్నారు. గొప్ప కళాకారులూ ఉన్నారు. ఇప్పుడు కొత్తగా ఎంటెక్‌లు చదివి కంట్రోల్ రూముల్లోకి, శాటిలైట్ అప్‌లింక్ గదుల్లోకి వెళ్తున్నాం. మోసే పనే. లైటు మోసినవాడి కొడుకు సిగ్నల్ మోస్తున్నాడు.

మోసే పనికి ఒక సిద్ధాంతం ఉంది. మా చదువుకు అదే పునాది. 1948లో అమెరికాలో బెల్ కంపెనీవాళ్ల సాంకేతిక పత్రికలో క్లాడ్ షానన్ అనే ముప్పై రెండేళ్ల ఇంజనీరు ఒక పెద్ద వ్యాసం రాశాడు. సమాచారాన్ని ఎలా కొలవాలో, చప్పుడున్న దారిలో తప్పు పడకుండా ఎంత వేగంగా పంపొచ్చో ఆయన తేల్చాడు. ఇవాళ మీ చేతిలోని ఫోను ఆ లెక్క మీదే నడుస్తోంది. ఆ వ్యాసం మొదట్లోనే ఒక మాట ఉంది. ఇక్కడ పంపిన కబురు అక్కడ ఉన్నదున్నట్టు అందిందా లేదా అన్నదే ఇంజనీరు సమస్య, ఆ కబురుకు అర్థమేమిటన్నది ఇంజనీరింగ్ సమస్యకు సంబంధం లేని విషయం అని. ఆ విడదీయడం వల్లే శాస్త్రం ముందుకు పోయింది. ప్రేమలేఖకూ చంపుతానన్న బెదిరింపుకూ అవే బిట్లు.

ఆ వ్యాసం రెండు భాగాలుగా వచ్చింది. ఒకటి 1948 జూలైలో, రెండోది అక్టోబర్‌లో. మధ్యలో సెప్టెంబర్ ఉంది. హైదరాబాదులో ఆ సెప్టెంబర్ ఏమిటో తెలుగు పాఠకులకు చెప్పక్కర్లేదు. ఇక్కడి రేడియో కూడా మోసేవాడు మొదలుపెట్టిందే. తంతి తపాలా శాఖలో పనిచేసే మహబూబ్ అలీ 1933లో చిరాగ్ అలీ లేన్‌లో రెండొందల వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో దాన్ని నడిపాడు. 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా అందులో వినిపించేవి. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగుబాటు మాట వెళ్లింది ఆ రేడియోలోనే. ఆ కబురు అందరికీ అందింది. ఆ తర్వాత జిల్లాల్లో ఏం జరిగిందో తెలుసుకోవడానికి నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేలమంది చనిపోయి ఉంటారని నివేదిక రాసింది. ఆ కబురు అందలేదు. 2013లో ఢిల్లీలోని నెహ్రూ మ్యూజియంలో చదవడానికి దొరికేదాకా దశాబ్దాలపాటు దాచే ఉంచారు. అంతకుముందు రజాకార్లు చేసిన ఘోరాలు నిజం. వాటిని మేం దాచం. ఆ కబురు తరతరాలుగా అందుతూనే ఉంది, అందాలి కూడా. రెండో కబురు ఎందుకు ఆగిందన్నదే ప్రశ్న. దారిలో చప్పుడెక్కువై ఆగిందా? ఛానెల్ సామర్థ్యం చాలక ఆగిందా? దానికి షానన్ సూత్రంలో సమాధానం వెతకడం అనవసరం. ఎవరో ఒక మనిషి ఆపాడు కనక ఆగింది.

ఇంకో పాఠం ఉంది, కంప్రెషన్. ల్యాండ్‌లైన్‌లో మన గొంతు సెకనుకు అరవై నాలుగు వేల బిట్లు. మొదటి తరం డిజిటల్ సెల్‌ఫోన్ దాన్ని పదమూడు వేలకు కుదించింది. ఎలా? వినేవాడు పట్టించుకోడనుకున్నదాన్ని పారేస్తారు. అసలు పాత టెలిఫోన్ కూడా 3,400 హెర్ట్జ్ పైన ఉన్న ధ్వనిని కత్తిరించేసేది. 'స'కీ 'ఫ'కీ తేడా చాలావరకు ఆ పైనే ఉంటుంది. అందుకే ఫోన్‌లో ఫాతిమా తన పేరును నాలుగుసార్లు చెప్పాల్సి వస్తుంది. ఏది పారేయొచ్చో తేల్చడానికి మనుషుల్ని కూర్చోబెట్టి వినిపిస్తారు. వాళ్లు 'బాగానే ఉంది' అంటే అదే ప్రమాణమైపోతుంది.

ఫిల్మ్‌నగర్ మా విషయంలో చేసింది అచ్చం ఇదే. పఠానీ సూటు, కళ్లకు సుర్మా, మెళ్లో తావీజు. హీరో కోసం ప్రాణమిచ్చే ఖాన్ భాయ్ ఒకడు, గోడౌన్‌లో ఆర్డీఎక్స్ దాచే కుర్రాడు ఒకడు, వెనకనుంచి అజాన్. భాషేమో 'నిమ్కీ', 'నాకీ'. ఈ నాలుగైదు బిట్లలో మేం సరిపోయాం. నెల్లూరులో, కడపలో, ఖమ్మంలో పక్కింటివాళ్ల తెలుగే మాట్లాడే ముస్లింలు పారేసిన భాగంలో పోయారు. ఇంట్లో ఉర్దూ ముక్కే లేని దూదేకులవాళ్లు పోయారు. బుర్ఖా తీసి బ్యాగులో పెట్టుకుని ల్యాబులో స్పెక్ట్రమ్ అనలైజర్ ముందు కూర్చునే అమ్మాయి పోయింది. మంచి పాత్రలు బొత్తిగా రాలేదని అనం, వచ్చాయి. కానీ వినిపించి చూసే కుర్చీలో మా వాళ్లెవరినీ కూర్చోబెట్టలేదు. హాల్లో ఈలలు పడ్డాయి, 'బాగానే ఉంది' అన్నారు, ప్రమాణమైపోయింది. ఇక మేం నోరు విప్పి మామూలు తెలుగు మాట్లాడితే, 'అరె, మీరు తెలుగు భలే మాట్లాడతారే' అని మెచ్చుకుంటారు. పుట్టిన భాష మాట్లాడినందుకు మెచ్చుకోలు!

ఇప్పుడు అసలు సంగతి. మాలో ఒకమ్మాయి ఎంటెక్ అయ్యాక ఆ గుట్టమీదే ఒక చానల్‌లో మాస్టర్ కంట్రోల్ రూములో చేరింది. రాత్రి డ్యూటీ. స్టూడియో నుంచి వచ్చిన బొమ్మా మాటా ఎక్కడా తెగకుండా ఉపగ్రహానికి పోతున్నాయా లేదా చూడాలి. 2020 మార్చి, ఏప్రిల్ రోజులు. ఢిల్లీ తబ్లిగీ జమాత్ పేరు పెట్టి దేశమంతా టీవీలు కరోనాకు టోపీ తొడిగిన రోజులు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, ఆ విదేశీ తబ్లిగీలను బలిపశువులను చేశారని తీర్పు రాసింది. తీర్పు ఆగస్టులో వచ్చింది, బులెటిన్లు ఏప్రిల్‌లోనే వెళ్లిపోయాయి. వాటిలో కొన్నిటిని పంపింది ఈ అమ్మాయి. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది, ఒక్క బిట్టు పోలేదు. తెల్లారి ఇంటికొస్తే గల్లీ చివర కూరగాయల బండి ఆయన వాళ్లమ్మీకి దూరం నుంచే పొమ్మని చేయి ఊపాడు.

తను మమ్మల్ని అడిగింది. "నేను మోశాను. నేను అన్నానా? అనలేదు. మరి నాకు అంటిందా, లేదా?"

మాలో ఒకాయన చప్పున అన్నాడు, పోస్ట్‌మ్యాన్‌కి ఉత్తరంలో ఏముందో అంటదు అని. చట్టం కూడా దాదాపు అదే అంటుంది. ఐటీ చట్టం 79వ సెక్షన్ కొన్ని షరతుల మీద మధ్యవర్తిని వదిలేస్తుంది. ఈ వాదనలో న్యాయముంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చున్నవాడు ప్రతి మాటనూ తూకం వేసి పంపడం మొదలెడితే ముందు నోరు మూయబడేది మా నోరే. మోసేవాడికి అభిప్రాయం ఉండకపోవడం మైనారిటీకి రక్ష. దీన్ని తేలిగ్గా తీసేయలేం.

కానీ మోసేవాడు నిజంగా అంత అమాయకంగా ఎప్పుడున్నాడు? 2014లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు రెండు తెలుగు వార్తా చానళ్లను నెలల తరబడి ఆపేశారు. ఆ చానళ్ల మాట మాకు నచ్చిందా లేదా అన్నది కాదు ఇక్కడ, తీగ మోసేవాడు తీగ కోశాడు. 2019 ఆగస్టులో కశ్మీర్‌లో ఫోన్లు, ఇంటర్నెట్ ఆగిపోయాయి. 4జీ పూర్తిగా తిరిగొచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఆర్డరు కాగితం మీద ఎవరి సంతకమున్నా, చివరికి ఒక గదిలో ఒక ఇంజనీరు కొన్ని అక్షరాలు టైపు చేసి మీట నొక్కితేనే ఆగింది. మా సిలబస్సే చదివినవాడు. ఆపమన్నప్పుడు ఆపగల చేయి, పంపమన్నప్పుడు మటుకు 'నేను తీగనే' అంటే కుదరదు.

మేం తనతో అన్నది ఇంతే. ఉద్యోగం మానెయ్యమనే హక్కు మాకు లేదు. తన జీతంతో ఇల్లు గడుస్తోంది. త్యాగాలు చేయమని చెప్పడం పక్కవాడికి ఎప్పుడూ తేలికే. ఆ బులెటిన్ పాపం తనది కాదు, రాసినవాడిది, చదివినవాడిది, ఆ రేటింగు మీద డబ్బు లెక్కపెట్టినవాడిది. అయితే ఊరంతా వినకముందే తను విన్నది. మోసేవాడే మొదటి శ్రోత. విన్నాక వినలేదని అనలేడు. ఎంత అంటిందన్నది, తన చేయి ఎంతవరకు అందుతుందన్న దాన్నిబట్టి ఉంటుంది. అందినచోట కూడా ముడుచుకుంటే అప్పుడు అంటుతుంది.

ఈ మాట అనడం మాకు సులువు కాలేదు. ఎందుకంటే ఆ చేయి చాచితే ఏమవుతుందో మాకు తెలుసు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. సెల్‌ఫోన్‌తో పేల్చారన్నారు. అంతే, ఫోను గురించి తెలిసి ఉండటమే మా కుర్రాళ్లకు నేరమైపోయింది. పదుల సంఖ్యలో యువకుల్ని పట్టుకెళ్లారు, కొట్టారు. కోర్టుల్లో కేసులు నిలవలేదు. రాష్ట్ర ప్రభుత్వమే పరిహారమిస్తే 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. 2018 ఏప్రిల్‌లో ఎన్ఐఏ కోర్టు అసలు కేసులో విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ నిర్దోషులని వదిలేసింది. మసీదులో పేలింది మటుకు ఎవరూ పేల్చకుండానే పేలినట్టుంది.

ఆ నీడ ల్యాబుదాకా వస్తుంది. మాలో ఒకబ్బాయి ఎంటెక్ ప్రాజెక్టుకు రేడియో సిగ్నళ్లను అడ్డుకోవడం, అడ్డును తట్టుకోవడం గురించి పని చేద్దామనుకున్నాడు. ఈ రంగంలో అది మామూలు అంశం. రక్షణ సంస్థలు నిండిన హైదరాబాదులో ఉద్యోగాలు తెచ్చే అంశం కూడా. సారు మంచివాడే. తలుపు వేసి, గొంతు తగ్గించి, "నీ మంచికే చెప్తున్నా బాబూ, నీ పేరుతో ఈ టాపిక్ వద్దు" అన్నాడు. అబ్బాయి ఇమేజ్ కంప్రెషన్ తీసుకున్నాడు, మంచి మార్కులతో పాసయ్యాడు. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. తరంగానికి మతం లేదు, టాపిక్‌కి ఉంది.

ఇక్కడ అబ్దుల్ కలాం గారి పేరు తెస్తారు మిత్రులు. 1982 నుంచి ఇదే హైదరాబాదులో డీఆర్‌డీఎల్ నడిపారు, క్షిపణులు చేశారు, రాష్ట్రపతి అయ్యారు, ఆయన పేరుతో ఎవరికి అడ్డొచ్చింది అంటారు. ఆయనంటే మాకూ గౌరవమే. మా అడ్డల్లా ఆయన్ని సర్టిఫికెట్‌లా వాడటంతోనే. ఇటు కలాం, అటు బాంబు కుర్రాడు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలోనే మేమున్నాం. సెకండ్ క్లాసులో పాసయ్యేవాళ్లం, బ్యాక్‌లాగులున్నవాళ్లం, యాంటెన్నా థియరీ రెండుసార్లు రాసినవాళ్లం. క్షిపణి చేయకపోయినా దేశద్రోహి కాకుండా ఉండే హక్కు, సగటుగా ఉండే హక్కు ఉందే, అది పక్క బెంచీ రావుకి పుట్టుకతో వచ్చింది.

లౌకికవాద మిత్రులు ఇంకోమాట కూడా అంటారు. సైన్సు చదివాక ఇంకా ముస్లిం అస్తిత్వమేమిటి, అది దాటి రావాలి కదా అని. మా పెద్దలేమో, చదువు, నౌకరీ చూసుకో, నోరు మూసుకో అంటారు. ఇద్దరికీ సరిపడదు కానీ, ఇద్దరూ మమ్మల్ని నిల్చోమనేది ఒకే చోట, పేరులేని తీగలా. మేం దాటి రావాల్సింది మా పేరును కాదు మిత్రులారా. మీ పేరు మీకు అడ్డం రాదు గనక అది మీకు కనపడటం లేదు.

మా చదువులో తప్పులు దిద్దుకునే పద్ధతులు రెండున్నాయి. ఒకటి, పంపేవాడే చెప్పిందే మరింత చేర్చి పంపడం. తప్పుపోతుందేమోనని భారమంతా తనే మోయడం. 'మేం దేశభక్తులమే, పాకిస్తాన్ మాకేమీ కాదు, మేం ఇక్కడివాళ్లమే' అని డెబ్భై ఏళ్లకు పైగా మా తాతల దగ్గర్నుంచి చేస్తున్నదిదే. రెండోది, వినేవాడు 'సరిగ్గా అందలేదు, మళ్లీ పంపు' అని అడగడం. దానికి వినేవాడు తనకు సరిగ్గా వినపడలేదని ముందు ఒప్పుకోవాలి. ఈ రెండోదాన్ని మేం యంత్రాల్లో రోజూ చూస్తాం. మనుషుల్లో చాలా తక్కువ.

ఒకసారి మటుకు చూశాం. ఆ అమ్మాయి ఒక రాత్రి కింద నడిచే అక్షరాల్లో, ఎక్కడో నగరం అవతల జరిగిన కత్తిపోట్లకు 'పాతబస్తీ' అని పడటం చూసింది. నేరమైతే చాలు పాతబస్తీ అని వేయడం చేతికి అలవాటు. తన పని కాదది. అయినా డెస్క్‌కి ఫోన్ చేసి, ఆ ఏరియా పాతబస్తీ కాదు సార్ అని చెప్పింది. అవతల ఒక నిమిషం మౌనం. తర్వాత ఆ సబ్ ఎడిటర్, "ఏమన్నావు? ఏరియా పేరు మళ్లీ చెప్పమ్మా" అన్నాడు. చెప్పింది. మార్చాడు. మర్నాడు తనని పిలిచి కంట్రోల్ రూమువాళ్లు డెస్క్ పనిలో తలదూర్చొద్దని పైవాళ్లు చెప్పారు. ఆ రెండూ జరిగాయి.

ఇప్పుడు ఎంటెక్ రెండో ఏడులో ఉన్న ఒక జూనియర్ మమ్మల్ని టాపిక్ గురించి అడగడానికి వచ్చింది. మా అబ్బాయి వదిలేసిన ఆ పాత అంశమే తనకు కావాలంది. మాలో ఒకాయన వద్దన్నాడు, ఒకామె తీసుకోమంది. ఒక పూటంతా వాదించుకున్నాం. చివరికి తనతోపాటు ఇద్దరం గైడు దగ్గరికి వెళ్లాం, ఆ అంశం మీద ఇదివరకు వచ్చిన పేపర్లు పదో పన్నెండో పట్టుకుని. ఆయన అన్నీ తిరగేశాడు. పేరడగలేదు, ముందే తెలుసు గనక. సోమవారం రమ్మన్నాడు.